పెంగ్విన్ల రెట్ట ఏరబోతున్న మా అమ్మాయికి

తల్లీ, అంటార్కిటికాలో కింగ్ జార్జ్ ఐలాండ్‌కి వెళ్లే టీంలో నువ్వున్నావని మీ నాన్న ఫోన్ చేసినప్పట్నుంచి నా కాలు ఒకచోట నిలవట్లేదు. పెంగ్విన్ల పేగుల్లో పురుగుల పని ఎలా మొదలుపెట్టాలని అడిగావుగా, నాకు తెలిసింది రాస్తున్నా.

నేల మీద పాత రెట్ట ఏరకు, ఎవరిదో తెలీదు. పక్షి వేస్తుంటే కళ్లారా చూసి, అది పక్కకి పోయాకే తీసుకో. క్రిల్ అనే చిన్న రొయ్యల్లాంటి జీవుల్ని తిన్నవాటిది గులాబీ రంగులో ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. పురుగుల గుడ్లు చూడ్డానికి సగం ఫార్మలిన్‌లో వేసుకో, డీఎన్ఏ కోసం సగం ఇథనాల్‌లో, అంటే ఆల్కహాల్‌లో వేసుకో, ఎందుకంటే ఫార్మలిన్ డీఎన్ఏని పాడుచేస్తుంది. చీటీ మాత్రం పెన్సిల్‌తోనే రాసి ట్యూబ్ లోపల పెట్టు, పెన్ను ఇంకు ఇథనాల్‌కి కరిగిపోయి నా ఒక సీజన్ శాంపిల్స్ చాలావరకు ఏ పక్షివో తెలీకుండా పోయాయి, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

గుడ్లు కనపడలేదు కాబట్టి పురుగుల్లేవు అని మాత్రం రాయకు. పురుగు రోజూ ఒకేలా గుడ్లు వదలదు, పైగా ఉప్పునీళ్లలో తేల్చే పద్ధతిలో ఫ్లూక్ అనే ఆకులాంటి చదును పురుగుల గుడ్లు బరువుగా ఉండి అడుక్కి పోతాయి, అందుకే అడుగు మడ్డి కూడా చూడాలి. ఇంకోటి, పెంగ్విన్ తిన్న చేపలో ఉన్న పురుగు గుడ్లు కూడా దాని పేగుల్లోంచి అలాగే బయటికి వచ్చేస్తాయి, వాటిని పెంగ్విన్ లెక్కలో వేశావంటే పనంతా తప్పు.

అసలు సంగతి తెలిసేది చచ్చిన పక్షి పేగుల్లోనే. పారార్కైటిస్ జెడెరి అనే బద్దెపురుగు తల పేగు గోడలోకి తొలుచుకుపోయి గడ్డలు కట్టిస్తుంది, అది రెట్టలో ఎక్కడ కనిపిస్తుంది చెప్పు? ముళ్లతల పురుగు కొరైనోసోమా దొరికితే వెంటనే ఇథనాల్‌లో వెయ్యకు, కాసేపు మంచినీళ్లలో ఉంచితే ముళ్ల తొండం బయటికి చాస్తుంది, ఆ ముళ్ల వరసలు లెక్కపెడితేనే జాతి తేలేది.

కానీ ఎంత ఆశగా ఉన్నా శవాన్ని ఊరికే ముట్టుకోకు. 2024 ఫిబ్రవరిలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ అంటార్కిటికా నేలమీద కూడా బయటపడింది. టెస్ట్ చేసి, పర్మిట్ చూసుకుని, మాస్కు గ్లవ్స్ వేసుకున్నాకే కత్తి పట్టు, ఒక కాలనీ నుంచి ఇంకోదానికి వెళ్లేముందు బూట్లు కడుక్కో.

చిక్కిపోయి చచ్చిన పెంగ్విన్ పిల్ల కడుపులో పురుగులు కనపడగానే అవే చంపాయని రాసెయ్యాలనిపిస్తుంది. ఆగు. తిండి దొరక్క నీరసించిందేమో, తల్లి సముద్రం నుంచి తిరిగి రాలేదేమో. బలంగా ఉన్న పెద్ద పక్షుల్లో కూడా పురుగులుంటాయి తల్లీ. ముందు పిల్ల బరువు రాసుకో, ఆ తర్వాతే పేగు కొయ్యి.