టిహువానానా, హైదరాబాదా?

డల్లాస్‌లో ఇన్సూరెన్స్ కాదంది, స్లీవ్ సర్జరీకి (బరువు తగ్గడానికి పొట్టలో ఎక్కువ భాగం తీసేసే ఆపరేషన్) మెక్సికోలోని టిహువానా వెళ్లాలా, హైదరాబాద్ వెళ్లాలా అని అడిగారు కదండీ. ముందు ఆ కాదన్న కారణం రాతపూర్వకంగా తీసుకుని అప్పీల్ చేయండి. ఆసియా వాళ్లకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 27.5 నుంచే ఈ ఆపరేషన్ పరిశీలించవచ్చని ఈ సర్జన్ల సంఘాల 2022 మార్గదర్శకాల్లో ఉంది. పాలసీలోనే బేరియాట్రిక్ (బరువు తగ్గించే సర్జరీల) కవరేజీ లేదంటే మాత్రం అప్పీల్‌తో పని జరగడం కష్టం.

అప్పుడు నా ఓటు హైదరాబాద్‌కే, అదీ అక్కడే ఉండి కోలుకోవడానికి నెల సెలవు దొరికితేనే. పొట్ట కుట్ల దగ్గర లీకైతే ఒక్కోసారి రెండు మూడు వారాలకి గానీ బయటపడదు. పైగా ఆపరేషన్ అయిన వెంటనే గంటల తరబడి విమానంలో కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం. (అమ్మ ‘ఇంకో ముద్ద’ అంటే తట్టుకోవడం మీ వంతు!)

టికెట్ కొనేముందు డల్లాస్‌లో మీ డాక్టర్‌ని అడగండి: తిరిగొచ్చాక బీ12, ఐరన్ పరీక్షలు చేస్తారా, తేడా వస్తే చూస్తారా అని. ఆయన సరే అనేదాకా ఎక్కడా అడ్వాన్స్ కట్టకండి.