హైదరాబాద్ ఇళ్ళలో స్ప్లిట్ ఏసీ ఫిల్టరు: మార్చాలా, కడగాలా, ఎన్నాళ్ళకొకసారి?

అమెరికాలో ఉంటున్న మీ అన్నయ్యగారు రెండు మూడు నెలలకొకసారి ఏసీ ఫిల్టరు తప్పనిసరిగా మార్చాలని చెబుతున్నారనీ, మీ ఇంటికి వచ్చే మెకానిక్ మాత్రం ఏడాదికి ఒక సర్వీసింగ్ చాలునంటున్నాడనీ, ఈలోగా పడకగది సరిగా చల్లబడక, ఇండోర్ యూనిట్ కింద గోడ వెంట నీరు కారుతుంటే గ్యాస్ అయిపోయిందని తేల్చాడనీ రాశారు. నేను మణికొండలో అపార్ట్‌మెంటులో చాలా కాలంగా ఉంటున్నాను. మా ఇంటి ఏసీలతో పాటు పద్మారావునగర్‌లోని అమ్మానాన్నల ఇంటి ఏసీల బాగోగులు కూడా నేనే చూసుకుంటాను కాబట్టి, చేత్తో చేసి చూసిన విషయాలే చెబుతాను. గ్యాస్‌కు డబ్బు కట్టే ముందు ఫిల్టరు విప్పి చూడండి. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఏమిటో కింద వివరంగా రాస్తున్నాను.

మీ అన్నయ్యగారి సలహా ఆయన ఇంటికి సరిపోతుంది. అక్కడ ఎక్కువ ఇళ్ళలో ఇల్లంతటికీ ఒకే యంత్రం ఉండి, చల్లగాలి డక్టుల ద్వారా గదులకు వెళుతుంది. ఆ గాలి తిరిగి వచ్చే దారిలో మడతలు మడతలుగా ఉండే ఫిల్టరు ఉంటుంది. అది ఎంత సన్నని రేణువులను ఆపగలదో మెర్వ్ అనే సంఖ్యతో సూచిస్తారు. నిండిపోతే దాన్ని పారేసి కొత్తది పెట్టవలసిందే, కడగడానికి వీలుండదు. మన ఇళ్ళలోని స్ప్లిట్ ఏసీలో ముందు మూత ఎత్తగానే కనిపించేది సన్నని నైలాన్ జాలీ. దాన్ని కడిగి, ఆరబెట్టి మళ్ళీ పెట్టుకోవచ్చు, చిరిగితేనో చట్రం వంకరపోతేనో తప్ప మార్చనక్కరలేదు. కొన్ని మోడళ్ళలో ఆ జాలీకి తగిలించి, వేలెడంత వెడల్పున్న బొగ్గు ఫిల్టరో మరొకటో ఇస్తారు. వాటిలో చాలావాటిని కడగకూడదు, కాలం తీరాక మార్చాలి. మీ ఏసీతో వచ్చిన పుస్తకంలో ఆ వివరం ఉంటుంది. డక్టులతో కట్టిన విల్లాలలో ఉండేవారికి మాత్రం మీ అన్నయ్యగారి మాట హైదరాబాద్‌లో కూడా వర్తిస్తుంది.

ఇక ఎన్నాళ్ళకొకసారి అన్నది. దీనికి ఊరంతటికీ ఒకే జవాబు లేదని మా రెండు ఇళ్ళే నాకు చెప్పాయి. మణికొండ, నార్సింగి, కోకాపేట వైపు ఎటు చూసినా కొత్త భవనాలు లేస్తున్నాయి. పునాదుల కోసం గ్రానైట్ రాయిని కొడుతున్నన్నాళ్ళూ కిటికీలు మూసినా సన్నని బూడిదరంగు పొడి ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. మా పక్క స్థలంలో ఆ పని జరిగిన వేసవిలో, కడిగి పెట్టిన జాలీ రెండు వారాలు గడవకముందే వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలి కిటికీ కనిపించనంతగా మూసుకుపోయేది. పద్మారావునగర్ ఇంట్లో పరిస్థితి వేరు. అక్కడ రాతిపొడి తక్కువ. జాలీ మీద చేరేది ఎక్కువగా దుప్పట్ల నూగు, వెంట్రుకలు, పూజగదిలోని సాంబ్రాణి పొగ మసి. నెలకొకసారి కడిగితే ఆ ఇంటికి సరిపోతుంది. అందువల్ల నేను తేదీని నమ్ముకోను. ఏసీ రోజూ వాడే నెలల్లో రెండు వారాలకొకసారి మూత ఎత్తి చూస్తాను, జాలీ గుండా వెలుతురు సరిగా రాకపోతే కడుగుతాను. జాలీ పైభాగాన్ని ముఖ్యంగా చూడాలి. చాలా యూనిట్లు గాలిని పైనుంచే లాక్కుంటాయి కాబట్టి ముందు వైపు శుభ్రంగా కనిపిస్తున్నా, పైన వంగిన చోట మందంగా దుమ్ము పేరుకుని ఉంటుంది.

ఇప్పుడు మీ నీటి సంగతికీ, గ్యాస్ సంగతికీ వస్తాను. ఏసీ గదిలోని గాలిని లోపలికి పీల్చి, చల్లని కాయిల్ (గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట) మీదుగా పంపి, తిరిగి గదిలోకే వదులుతుంది. ఫిల్టరు మూసుకుపోతే కాయిల్ మీదికి వచ్చే గాలి తగ్గుతుంది. గది నుంచి తగినంత వేడి అందక కాయిల్ మరీ చల్లబడి, దాని మీది తడి మంచుగా గడ్డకడుతుంది. ఆ మంచు గాలికి ఇంకా అడ్డుపడుతుంది, దానితో గది చల్లబడటం ఇంకా మందగిస్తుంది. ఏసీ ఆపగానే మంచు కరిగి, ఆ నీరు ట్రేలో పడవలసింది పడకుండా ముందు నుంచి గోడ మీదికి కారుతుంది. చిక్కేమిటంటే, గ్యాస్ తగ్గినప్పుడు కూడా కాయిల్ మీద మంచే కడుతుంది, గది చల్లబడదు. పైకి కనిపించే లక్షణాలు ఒక్కటే కావడం వల్ల, జాలీ విప్పి చూడకుండానే గ్యాస్ పేరు చెప్పడం చాలా తేలికైపోయింది.

రెండింటినీ విడదీసి చూడటానికి మీ చేయి చాలు. ముందుగా ఏసీని కొన్ని గంటలు పూర్తిగా ఆపి, మంచు ఉంటే అంతా కరగనివ్వండి. జాలీ కడగకముందే, బ్లోయర్ (గాలిని గదిలోకి తోసే లోపలి ఫ్యాన్) వేగాన్ని ఎక్కువలో పెట్టి, పావుగంట నడిచాక గాలి వచ్చే చోట చేయి పెట్టి చూడండి. గాలి చల్లగా ఉండి బలహీనంగా వస్తుంటే అడ్డంకి ఫిల్టరులోనో, బ్లోయర్‌లోనో, కాయిల్ మీదో ఉన్నట్టు. గాలి బలంగా వస్తూ చల్లదనం లేకపోతే అప్పుడు గ్యాస్‌నో, బయట ఉన్న అవుట్‌డోర్ యూనిట్‌నో అనుమానించాలి. మా అమ్మగారి గదిలో సరిగ్గా మీరు చెప్పిన పరిస్థితే ఎదురైంది. వచ్చిన మెకానిక్ మూత కూడా ఎత్తకుండా గ్యాస్ ధర చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రం జాలీ కడిగి, ఆరబెట్టి పెట్టాక గాలి వేగం తిరిగి వచ్చింది, నీరు కారడం ఆగిపోయింది, ఆ వేసవంతా గ్యాస్ అవసరమే రాలేదు. ఏసీలోని గ్యాస్ బండిలో పెట్రోలు లాగా వాడకంతో ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాలలో తిరుగుతూనే ఉంటుంది, ఎక్కడైనా లీకు ఉంటేనే తగ్గుతుంది. అందుచేత నిజంగానే గ్యాస్ తగ్గిందని తేలితే, లీకు ఎక్కడో చూపించి, దాన్ని మూసిన తరువాతే నింపమని గట్టిగా అడగండి. ఆర్-32 వంటి గ్యాస్ ఎంత బరువు నింపాలో అవుట్‌డోర్ యూనిట్ మీది పట్టీపైనే రాసి ఉంటుంది. తూకం వేసి నింపమని అడిగే హక్కు మీకుంది.

మంచు ఏమీ లేకుండానే నీరు కారుతుంటే మాత్రం అది చాలావరకు డ్రెయిన్ పైపు సమస్యే. ఫిల్టరు దాటి వెళ్ళిన దుమ్ము ట్రేలోని నీటితో కలిసి జిగట బురదగా మారి పైపు మొదట్లో అడ్డం పడుతుంది. మా ఇంట్లో బాల్కనీ వైపు ఉన్న పైపు చివర నుంచి గట్టిగా ఊదినప్పుడు, గోరంత మందాన ఉన్న నల్లని జిగురు ముద్ద ట్రేలోకి జారిపడింది. ఆ తరువాత ఒక చెంబెడు నీరు పోస్తే ధారగా బయటికి వెళ్ళిపోయింది.

ఇక్కడ హైదరాబాద్ వాతావరణం గురించి ఒక మాట చెప్పాలి. మన ఊరు ఏడాది పొడుగునా ఉక్కగా ఉండే ఊరు కాదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీల దాకా వెళ్ళినా గాలి పొడిగానే ఉంటుంది, డ్రెయిన్ పైపు నుంచి నీరు కూడా పెద్దగా రాదు; అప్పుడు మన బాధంతా దుమ్ముతోనే. మృగశిర కార్తె దాటి వానలు పట్టాక అదే ఏసీ గంటకు లీటరుకు పైగా నీటిని గాలి నుంచి పిండి వదిలే రోజులుంటాయి. వేసవిలో కాయిల్ మీద, బ్లోయర్ రెక్కల మీద చేరిన దుమ్ము ఆ తడిలో నాని, బూజు పట్టడానికి చక్కగా అనువవుతుంది. జూలైలో ఏసీ వేయగానే మొదటి నిమిషంలో వచ్చే ముక్కిపోయిన వాసన అదే. చాలామంది వేసవి ముందు సర్వీసింగ్ చేయించి ఊరుకుంటారు. నా ఉద్దేశంలో అంతకంటే ముఖ్యమైనది వేసవి చివర, వానలకు ముందు చేసే శుభ్రత. ఆ దుమ్మును తడి తగలకముందే తీసేయాలి.

మెయిన్ స్విచ్ ఆపి, గాలి రెక్కలను మెల్లగా కిందికి వంచి లోపలికి టార్చి వేసి చూడండి. పొడవాటి డోలు ఆకారంలో ఉన్న బ్లోయర్ కనిపిస్తుంది. దాని సన్నని రెక్కల అంచుల వెంట బూడిదరంగు నూగు ఉన్నిలా అంటుకుని, మధ్య మధ్య నల్లని చుక్కలు ఉంటే ఫిల్టరు కడిగినంత మాత్రాన లాభం లేదు. బ్లోయర్‌ను, కాయిల్‌ను ప్రెషర్ పంపుతో కడిగించాలి. మా అమ్మగారికి ఆస్తమా ఉంది. బ్లోయర్ కడిగించిన తరువాత ఆమెకు రాత్రి దగ్గు స్పష్టంగా తగ్గింది. ప్రతి దగ్గుకూ ఏసీయే కారణమని నేను అనను, మందులు మానమని అంతకంటే అనను; ఉబ్బసం ఉన్నవారు పడుకునే గదిలో బూజు మీదుగా వచ్చే గాలిని వదలకూడదని మాత్రం గట్టిగా చెబుతాను. వానాకాలంలో ఏసీ ఆపే ముందు ఇరవై నిమిషాలు ఫ్యాన్ మోడ్‌లో నడిపితే కాయిల్ ఆరుతుంది, వాసన చాలావరకు తగ్గుతుంది. కొత్త ఏసీలలో ఈ పనిని తానే చేసే బటన్ ఉంటుంది.

కడగడంలో కష్టమేమీ లేదు, అయితే హైదరాబాద్‌లో నీటి సంగతి చూసుకోవాలి. జాలీని ముందు పొడిగానే, బయట, దుమ్ము అంటిన వైపు కిందికి ఉంచి మెల్లగా తట్టండి. తరువాత శుభ్రంగా ఉన్న వైపు నుంచి నీరు పోయాలి. దుమ్మున్న వైపు నుంచి పోస్తే అది కన్నాలలోకి ఇంకా దిగబడుతుంది. వంటగది, హాలు కలిసి ఉన్న ఫ్లాట్లలో తాలింపు నూనె ఆవిరి జాలీకి పట్టి జిడ్డుగా ఉంటుంది కాబట్టి అటువంటి చోట గోరువెచ్చని నీటిలో కొద్దిగా గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలిపి, మెత్తని బ్రష్‌తో రుద్దండి. మరిగే నీరు వద్దు, గట్టి బ్రష్ వద్దు. బోరు నీళ్ళతో మాత్రమే కడుగుతుంటే కొంతకాలానికి సన్నని కన్నాలలో తెల్లని ఉప్పు పేరుకుంటుంది. చివరి రెండు మగ్గులైనా నల్లా నీళ్ళు పోయడం మంచిది. ఎండలో ఆరబెడితే మన మే నెల ఎండకు ప్లాస్టిక్ చట్రం వంగి, తిరిగి గాడిలో కూర్చోదు, ఆ సందులోంచి దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. నీడలో, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరాకే పెట్టండి. జాలీ తీసి ఉన్నప్పుడు వెనుక కనిపించే అల్యూమినియం రేకులను వేలితో తాకవద్దు. అవి కాగితమంత పలుచగా ఉండి ఇట్టే వంగుతాయి, చేతినీ కోస్తాయి.

ఈ జాలీ ఆపేది నూగునూ, పెద్ద దుమ్మునూ మాత్రమే, పీఎం 2.5 అనే అతి సన్నని రేణువులు దాని గుండా వెళ్ళిపోతాయి. అది చూసి కొందరు జాలీ మీద దట్టమైన ఫిల్టరు గుడ్డ అంటిస్తారు. స్ప్లిట్ ఏసీలోని బ్లోయర్‌కు అంత మందాన్ని దాటించి గాలిని లాగే శక్తి ఉండదు, చివరికి పైన చెప్పిన మంచు కథే మొదలవుతుంది. సన్నని ధూళి నుంచి రక్షణ కావాలంటే హెపా ఫిల్టరు ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్‌ను విడిగా పెట్టుకోవాలి.

కరెంటు బిల్లు గురించి కూడా అడిగారు. మురికి ఫిల్టరు స్థానంలో శుభ్రమైనది పెడితే ఏసీ వాడే విద్యుత్తు 5 నుంచి 15 శాతం వరకు తగ్గవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. అది అక్కడి డక్టు ఏసీలను దృష్టిలో పెట్టుకుని చెప్పిన లెక్క కాబట్టి మన యూనిట్‌కు అంతే వస్తుందని ఆశ పెట్టుకోనక్కరలేదు. అయితే తెలంగాణలో గృహ వినియోగం నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్లకు కూడా పై శ్రేణి ధర పడుతుంది. మీ వాడకం ఆ గీతకు దగ్గరలో ఉంటే కొద్ది యూనిట్ల ఆదా కూడా బిల్లులో బాగానే కనిపిస్తుంది.

మీ మెకానిక్ చెప్పిన ఏడాది సర్వీసింగ్ మానమని నేను అనడం లేదు. బ్లోయర్, ట్రే, కాయిల్ వెనుక భాగం, అవుట్‌డోర్ యూనిట్ మన చేతికి అందేవి కావు. ముఖ్యంగా అవుట్‌డోర్ యూనిట్ వెనుక పావురాలు గూడు పెట్టాయేమో చూడమనండి. మన అపార్ట్‌మెంట్లలో ఆ రెట్ట, ఈకలు కాయిల్‌ను ఎంతగా కప్పేస్తాయంటే, లోపలి ఫిల్టరు అద్దంలా ఉన్నా గది చల్లబడదు. ఆ పుల్లలూ రెట్టా పొడిగా ఊడ్చకుండా, మాస్కు కట్టుకుని, ముందు తడిపి తీయించండి, ఎందుకంటే ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. అతను వచ్చిన రోజునే, మీరు దగ్గర నిలబడి ట్రేలో ఒక చెంబెడు నీరు పోయించి, అది ఆగకుండా పైపు చివర నుంచి బయటికి వస్తున్నదో లేదో చూసుకున్న తరువాతే డబ్బులివ్వండి.