ల్యాప్‌టాప్‌లో నడిచిన కాంటా సాఫ్ట్‌వేర్ మిల్లు పీసీలో ఎందుకు తప్పుతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు వేబ్రిడ్జి కోసం సీ షార్ప్ విన్‌ఫామ్స్‌లో తూకం సాఫ్ట్‌వేర్ రాశారు, డేటా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ ఫైల్‌లో ఉంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో అంతా బాగుంది. మిల్లు పీసీలో పెట్టాక మాత్రం నాలుగు తిప్పలు మొదలయ్యాయి. ప్రొవైడర్ (ఆ డేటా ఫైల్‌ను తెరిచే భాగం) రిజిస్టర్ కాలేదని ఎర్రర్ వస్తోంది. టేర్, అంటే ఖాళీ బండి తూకం, ఒక్కోసారి 9,240 బదులు 240 పడుతోంది. తేదీలు తారుమారవుతున్నాయి. అప్పుడప్పుడు ఏ మెసేజూ లేకుండా ప్రోగ్రామే మూసుకుపోతోంది.

ముందు తూకం సంగతి చూడండి, మిగతావి తర్వాత. ప్రొవైడర్ ఎర్రర్ వస్తే పని ఆగుతుంది, అందరికీ తెలుస్తుంది. 240 మాత్రం ఎవరికీ చెప్పకుండా చిట్టీ మీద ప్రింటవుతుంది. లారీ గ్రాస్ 24,560 కిలోలు, ఖాళీ బండి 9,240 అయితే నెట్ 15,320, అంటే 153.20 క్వింటాళ్లు. టేర్ 240 అని పడితే నెట్ 24,320 అవుతుంది. తేడా 90 క్వింటాళ్లు. 2024-25 వానకాలం ఏ గ్రేడ్ వడ్ల మద్దతు ధర 2,320తో లెక్కేస్తే 2,08,800 రూపాయలు. గ్రాస్ తూకం ఇలా తెగితే దెబ్బ రైతుకు పడుతుంది. కాబట్టి ఇది సరిచేసే దాకా ఆ సాఫ్ట్‌వేర్‌తో చిట్టీలు ఇవ్వకండి, చేత్తో రాయించండి.

కారణం, సీరియల్ పోర్టులో బైట్లు వచ్చినప్పుడు లేచే డేటారిసీవ్డ్ ఈవెంట్‌లో మీరు రీడ్‌ఎగ్జిస్టింగ్ (అప్పటికి వచ్చినదాన్ని చదివే మెథడ్) వాడి, దాన్నే పూర్తి తూకం అనుకోవడం. ఇండికేటర్ (కాంటా తూకం చూపించే డబ్బా) ఒక తూకాన్ని పంపితే ఈవెంట్ ఒక్కసారే వస్తుందన్న హామీ ఎక్కడా లేదు. సీరియల్ పోర్టులో బైట్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, ఎన్ని వచ్చాక ఈవెంట్ లేస్తుందో డ్రైవర్, బఫర్, ఆ క్షణంలో సీపీయూ మీదున్న పని కలిసి తేలుస్తాయి. ఒకసారి ‘9’, ఇంకోసారి ‘240’ అని రెండు ముక్కలుగా రావడం పూర్తిగా మామూలే. మీ ల్యాప్‌టాప్ వేగంగా ఉండి, సీరియల్ కేబుల్‌ను యూఎస్‌బీకి కలిపే కన్వర్టర్ వేరేదై ఉంటే అక్కడ ముక్కలు కాకపోవచ్చు. అది అదృష్టమే గాని కోడ్ గొప్పతనం కాదు.

సరిచేసే పద్ధతి: ఈవెంట్‌లో వచ్చినదాన్ని వచ్చినట్టు ఒక స్ట్రింగ్‌బిల్డర్‌కు చేర్చండి. ఇండికేటర్ ప్రతి తూకం చివర పంపే గుర్తు కనబడే వరకు దాన్ని ముట్టుకోకండి. ఆ గుర్తు చాలా ఇండికేటర్లలో క్యారేజ్ రిటర్న్, అంటే 13వ నంబర్ బైట్. కొన్నిట్లో మొదట 2, చివర 3 వస్తాయి. మాన్యువల్ దొరక్కపోతే వచ్చే బైట్లను హెక్స్‌లో ఒక ఫైల్‌కు రాయించి చూడండి, రెండు నిమిషాల్లో తేలిపోతుంది. గుర్తు దొరికాక అంతవరకు ఉన్న ముక్కను కత్తిరించి, దాని పొడవు సరిగ్గా ఉందో లేదో చూసి, ఆ తర్వాతే అంకెగా మార్చండి. పొడవు తేడా ఉంటే పారేయండి. ఇండికేటర్ సెకనుకు చాలాసార్లు పంపుతూనే ఉంటుంది గనక ఒకటి పోయినా నష్టం లేదు. లైన్ చివరి గుర్తు వచ్చేదాకా ఆగి చదివే రీడ్‌లైన్ వాడితే సరిపోతుందని కొందరు చెప్తారు. దాని న్యూలైన్ డిఫాల్ట్‌గా లైన్‌ఫీడ్, టైమవుట్ డిఫాల్ట్‌గా అనంతం. మీ ఇండికేటర్ క్యారేజ్ రిటర్న్ ఒక్కటే పంపితే రీడ్‌లైన్ ఎప్పటికీ తిరిగి రాదు. వాడాలనుకుంటే ఆ రెండూ మార్చి వాడండి.

మీరు అడగకపోయినా ఒక మాట. బండి ప్లాట్‌ఫామ్ మీద ఇంకా ఊగుతుండగా సేవ్ బటన్ నొక్కనివ్వకండి. కొన్ని ఇండికేటర్లు తూకం నిలిచిందని ఒక అక్షరం పంపుతాయి, అది ఉంటే దాన్నే నమ్మండి. లేకపోతే మూడు సెకన్ల పాటు అదే అంకె వస్తేనే బటన్ వెలగాలి.

ప్రోగ్రామ్ చప్పుడు లేకుండా మూసుకుపోవడానికి కూడా చాలా వరకు ఇదే కారణమై ఉంటుంది. మీ కోడ్‌లో అక్షరాలను అంకెగా మార్చే ఇంట్.పార్స్ ఉంది. సగం ముక్కలో ఖాళీయో, ‘కేజీ’ అనే అక్షరాలో వస్తే అది ‘ఇన్‌పుట్ స్ట్రింగ్ వాజ్ నాట్ ఇన్ ఎ కరెక్ట్ ఫార్మాట్’ అని ఎక్సెప్షన్ విసురుతుంది. డేటారిసీవ్డ్ నడిచేది ఫామ్ థ్రెడ్ మీద కాదు, వేరే థ్రెడ్ మీద. అక్కడ పట్టుకోని ఎక్సెప్షన్ వస్తే ప్రాసెస్ మొత్తం పడిపోతుంది. అప్లికేషన్.థ్రెడ్‌ఎక్సెప్షన్‌కు మీరు రాసిన హ్యాండ్లర్ దాన్ని చూడనే చూడదు. పార్స్ తీసి, ఎక్సెప్షన్ విసరని ట్రైపార్స్ పెట్టండి. నిర్ధారించుకోవాలంటే మిల్లు పీసీలో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్‌లో సోర్స్ ‘డాట్ నెట్ రన్‌టైమ్’, ఐడీ 1026 ఉన్న ఎంట్రీ చూడండి. ఎక్సెప్షన్ పేరు, స్టాక్ ట్రేస్ (ఏ మెథడ్ నుంచి ఏ మెథడ్ నడిచిందో చూపే జాబితా) అందులోనే ఉంటాయి. స్టాక్ ట్రేస్‌లో మైక్రోసాఫ్ట్ వరుసలన్నీ దాటుకుని, పైనుంచి మీ సొంత మెథడ్ పేరు మొదటిసారి ఎక్కడ కనిపిస్తే అక్కడ మొదలుపెట్టండి. ఎక్స్ఈ (నడిపే ప్రోగ్రామ్ ఫైల్) పక్కన, బిల్డ్ చేసినప్పుడు వచ్చే పీడీబీ అనే డీబగ్ సమాచార ఫైల్ కూడా కాపీ చేస్తే లైన్ నంబర్ వస్తుంది. నా మాట వింటే పీడీబీ లేకుండా ఏ మిల్లుకూ సాఫ్ట్‌వేర్ ఇవ్వకండి.

అదే థ్రెడ్ వల్ల వచ్చే ఇంకో ఎర్రర్ ‘క్రాస్ థ్రెడ్ ఆపరేషన్ నాట్ వ్యాలిడ్’. మీరు చెక్‌ఫర్‌ఇల్లీగల్‌క్రాస్‌థ్రెడ్‌కాల్స్‌ను ఫాల్స్ చేసి దాన్ని నోరు మూయించారు. దయచేసి ఆ లైన్ తీసేయండి. ఆ తనిఖీ మామూలుగా డీబగ్గర్ తగిలించి ఉన్నప్పుడే పనిచేస్తుంది, అంటే అది మీకోసం పెట్టిన హెచ్చరిక. నేరుగా ఎక్స్ఈ నడిపినప్పుడు ఎర్రర్ రాకపోయినా తప్పు తప్పుగానే ఉంటుంది: టెక్స్ట్‌బాక్స్ పాత అంకెతో ఉండిపోవడం, ఫామ్ బిగుసుకుపోవడం జరుగుతాయి. తూకాన్ని ఫామ్ మీదికి బిగిన్‌ఇన్వోక్‌తో పంపండి, అది పంపేసి ఆగకుండా ముందుకు పోతుంది. పని అయ్యేదాకా ఆగే ఇన్వోక్ వద్దు. ఫామ్ థ్రెడ్ పోర్ట్‌ను మూస్తూ హ్యాండ్లర్ ముగియాలని చూస్తుంటుంది, హ్యాండ్లర్ ఇన్వోక్‌లో ఫామ్ థ్రెడ్ కోసం చూస్తుంటుంది, రెండూ అలాగే నిలబడిపోతాయి. ‘మూసేటప్పుడు హ్యాంగ్ అవుతుంది’ అనే ఫిర్యాదుల్లో నేను మొదట వెతికేది ఇదే.

పోర్ట్ ఎర్రర్లలో తేడా తెలుసుకోండి. ‘కామ్3 డజ్ నాట్ ఎగ్జిస్ట్’ అంటే యూఎస్‌బీ కన్వర్టర్‌ను ఎవరో వేరే రంధ్రంలో గుచ్చారు, నంబర్ మారింది. డివైస్ మేనేజర్‌లో ఆ పోర్ట్ ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి నంబర్‌ను మళ్లీ కామ్3 చేయొచ్చు. దానికన్నా ప్రోగ్రామ్‌లో గెట్‌పోర్ట్‌నేమ్స్‌తో జాబితా చూపించి ఎంచుకోనివ్వడం నయం. ‘యాక్సెస్ టు ద పోర్ట్ ఈజ్ డినైడ్’ అయితే పోర్ట్ ఉంది కానీ వేరే ప్రోగ్రామ్ పట్టుకుంది. తరచూ అది మీ ప్రోగ్రామే, మూసినట్టు కనిపించి టాస్క్ మేనేజర్‌లో బతికే ఉంటుంది. ప్రశ్నార్థకాలో పిచ్చి అక్షరాలో వస్తే బాడ్ రేట్ (పంపే వేగం), పారిటీ (తప్పు పట్టే అదనపు బిట్) ఇండికేటర్ మెనూతో సరిపోలాయో చూడండి. సీరియల్‌పోర్ట్ క్లాస్ డిఫాల్ట్ 9600, 8 బిట్లు, పారిటీ లేదు. ఇండికేటర్ 2400 మీద ఉండొచ్చు.

ఇప్పుడు ప్రొవైడర్ ఎర్రర్. ‘ఏస్ ఓఎల్ఈడీబీ 12.0 ఈజ్ నాట్ రిజిస్టర్డ్’ అంటే రెండింట్లో ఒకటి: ఆ పీసీలో యాక్సెస్ డేటాబేస్ ఇంజిన్ లేదు, లేదా ఉన్నది 64 బిట్‌ది, మీ ఎక్స్ఈ 32 బిట్‌గా నడుస్తోంది (తలకిందులుగా కూడా). కంట్రోల్ ప్యానెల్‌లో ఉందని చూసి మోసపోవద్దు. వర్డ్ తెరిచి, ఫైల్, అకౌంట్, అబౌట్‌లో ఆఫీస్ ఎన్ని బిట్లో చూడండి. ఆఫీస్ లేకపోతే ప్రాజెక్ట్ ప్లాట్‌ఫామ్ టార్గెట్‌ను ఎనీ సీపీయూ నుంచి ఎక్స్86కు మార్చి 32 బిట్ ఇంజిన్ వేయండి. 64 బిట్ ఆఫీస్ ఉంటే 32 బిట్ ఇంజిన్ ఇన్‌స్టాలర్ దాని పక్కన కూర్చోనని మొరాయిస్తుంది, అక్కడ ఎక్స్64 బిల్డ్ ఇవ్వండి.

డేటా ఫైల్‌ను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టారు కదా. ఇంజిన్ సరయ్యాక ‘ఆపరేషన్ మస్ట్ యూజ్ యాన్ అప్‌డేటబుల్ క్వెరీ’ అని వస్తే ఆశ్చర్యపోకండి. క్వెరీ తప్పని కాదు, ఆ ఫోల్డర్‌లో రాసే అనుమతి లేదని. ఫైల్‌ను ప్రోగ్రామ్‌డేటా కింద మీ ఫోల్డర్‌లోకి మార్చి, యూజర్స్ గ్రూపుకు మోడిఫై అనుమతి ఇవ్వండి. ఫైల్‌కు మాత్రమే ఇస్తే చాలదు. యాక్సెస్ తన లాక్ ఫైల్‌ను అదే ఫోల్డర్‌లో సృష్టిస్తుంది.

తేదీల విషయంలో మిల్లు పీసీ రీజియన్ అమెరికా మీద ఉంటుంది, మీది ఇండియా. 13/05/2024 అయితే ఎర్రర్ వచ్చి బతికిపోతారు. 05/06/2024 అయితే జూన్ 5 కాస్తా మే 6 అయి కూర్చుంటుంది, అసలు ప్రమాదం అక్కడ. యాక్సెస్ ఎస్‌క్యూఎల్‌లో హ్యాష్ గుర్తుల మధ్య రాసిన తేదీని అది నెల ముందుగానే చదువుతుంది, పీసీ సెట్టింగ్ మార్చినా లాభం లేదు. తేదీని స్ట్రింగ్‌లో అతికించడం మానేసి పారామీటర్‌గా పంపండి. ఓఎల్ఈడీబీ పారామీటర్ల పేర్లు పట్టించుకోదు, వరుసే చూస్తుంది. టైప్‌ను ఓఎల్ఈడీబీటైప్.డేట్ అని చెప్పండి. యాడ్‌విత్‌వాల్యూతో డేట్‌టైమ్.నౌ పంపితే ‘డేటా టైప్ మిస్‌మ్యాచ్’ వస్తుంది.

రూపాయల లెక్క డబుల్ టైప్‌లో ఉంటే డెసిమల్ టైప్‌కు మార్చండి. మ్యాథ్.రౌండ్ 2.5ను 2 చేస్తుంది, మిల్లు గుమాస్తా 3 అంటాడు. మిడ్‌పాయింట్‌రౌండింగ్.అవే‌ఫ్రమ్‌జీరో అని రాస్తే గొడవ ఉండదు.

ఇవన్నీ మార్చాక మిల్లుకు పోయే ముందు ఇంట్లోనే పరీక్షించండి. కామ్0కామ్ అనే ఉచిత డ్రైవర్ రెండు ఉత్తుత్తి పోర్టుల జత ఇస్తుంది. ఒక కొన మీ సాఫ్ట్‌వేర్‌కు, రెండోది ఒక చిన్న పంపే ప్రోగ్రామ్‌కు ఇవ్వండి. ‘9’ పంపి అర సెకను ఆగి ‘240’ పంపండి. చివరి గుర్తు లేకుండా పంపండి. మధ్యలో చెత్త అక్షరాలు పంపండి, పంపుతుండగా ఫామ్ మూసేయండి. తెర మీద ఎక్కడా 240 కనబడకపోతే యాసంగి వడ్లు కాంటాకు వచ్చేలోపు కొత్త ఎక్స్ఈ వేయొచ్చు.