గాలి సరిగానే ఉన్నా హెచ్చరిక దీపం ఎందుకు?

ప్రశ్న: నా దగ్గర 2010లో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఉంది. టైర్లలో గాలి తగ్గిందన్న దీపం తరచూ వెలుగుతోంది. ఒంగోలు చేరాక బంకులో కొలిపిస్తే నాలుగింటిలోనూ సరిగానే ఉంటోంది. ఆ దీపాన్ని తీసేయించమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: దయచేసి తీసేయించకండి, 16వ నంబరు జాతీయ రహదారిపై వేగంగా వెళ్తున్నప్పుడు నిజంగానే గాలి దిగితే మిమ్మల్ని ముందుగా హెచ్చరించేది అదే. స్టార్ట్ చేయగానే దీపం నిమిషం పైగా మిణుకుమిణుకుమని, ఆ తర్వాత నిలకడగా వెలిగితే, చాలా కార్లలో దాని అర్థం గాలి తగ్గిందని కాదు, సెన్సార్ వ్యవస్థలో లోపం ఉందని. చక్రం లోపలి సెన్సార్ బ్యాటరీ సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు పనిచేస్తుంది. చాలావాటిలో బ్యాటరీని విడిగా మార్చే వీలుండదు కనుక సెన్సార్‌నే మార్చాలి. మిగిలినవీ అదే వయసువైతే నాలుగూ ఒకేసారి మార్పించడమే మేలని నా అభిప్రాయం. కొత్తవి 315 మెగాహెర్ట్జ్‌వా, 433వా అన్నది, అంటే అవి సంకేతాలు పంపే రేడియో ఫ్రీక్వెన్సీ, మీ కారుకు సరిపోవాలి.

దీపం మొదటి నుంచీ నిలకడగా వెలుగుతుంటే బంకు కొలతను నమ్మకండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుంది కాబట్టి, ఎండలో ఒంగోలు దాకా నడిపిన టైరు తన లోటును దాచేస్తుంది. తెల్లవారాక, బండి కదలకముందే కొలిచి, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరుతో పోల్చండి; స్పోర్ట్స్ కార్లలో ముందు, వెనుక టైర్ల అంకెలు వేరుగా ఉండవచ్చు.