దుస్తుల ఎగ్జిబిషన్‌కి వెళ్తే ఏం చూడాలి? ముందు మంగళగిరి చూడండి

"గుంటూరు నుంచి పనిగట్టుకుని వెళ్లాం, లోపలంతా చీకటి, అరగంటలో బయటికొచ్చేశాం. అసలు ఏం చూడాలి?" అని అడిగారు కదా.

ఆ చీకటి కావాలని పెట్టిందే. పాత బట్టల మీద సాధారణంగా 50 లక్స్‌కి (లక్స్ అంటే వెలుతురు కొలత) మించి వెలుతురు పడనివ్వరు. వెలిసిన రంగు మళ్లీ రాదు, పట్టు పోగు పెళుసెక్కిపోతుంది. ఫ్లాష్ వద్దనేదీ అందుకే. ఎండలోంచి వచ్చి నేరుగా షోకేసు ముందు నిలబడితే ఏమీ కనపడదు. మొదటి గదిలో బోర్డులు చదువుతూ పది నిమిషాలు గడపండి, కళ్లు సర్దుకుంటాయి. రాసుకోడానికి పెన్సిల్ పట్టుకెళ్లండి, పెన్ను చాలాచోట్ల ఒప్పుకోరు.

బొమ్మకి తొడిగిన డ్రెస్సుని దూరం నుంచి చూసి బాగుందనుకుని కదిలిపోతే అరగంటే పడుతుంది. అంచులు, కుట్లు, మడతలు చూడండి. పొడుగు కుట్లన్నీ మిషన్‌వైతే అది దాదాపు 1850 తర్వాతదే. చేతికుట్టు కనిపించినంత మాత్రాన పాతదనుకోకండి, మన టైలర్లు ఇప్పటికీ హెమ్మింగ్ చేత్తోనే వేస్తున్నారు. కొట్టొచ్చినట్టుండే ఊదా రంగైతే 1856 గుర్తుంచుకోండి, ఇంగ్లండ్ రసాయనవేత్త పెర్కిన్ కృత్రిమ ఊదా కనిపెట్టిన ఏడాది అది, కాబట్టి ఆ బట్ట దాని తర్వాతది కావచ్చు.

మనవాళ్లు ఎక్కువసేపు ఆగాల్సింది కలంకారీ దగ్గర. శ్రీకాళహస్తిది కలంతో గీసింది కాబట్టి గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. బందరు, పెడన పనిలో అచ్చు పక్కన అచ్చు వేస్తారు, ఆ అతుకు దగ్గర వెంట్రుకవాసి ఖాళీయో, గీత మీద గీతో దొరుకుతుంది. అది లోపం కాదు, చేతిపని గుర్తు. పాత గుడ్డల్లో నల్ల గీతల వెంబడే చిల్లులు పడి ఉంటే ఎలకలు కొట్టాయనుకోకండి. ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో పులియబెట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీస్తేనే ఆ నలుపు వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఇనుమే నూలుని తినేస్తుంది. పటికతో తేలిన ఎరుపు మాత్రం పక్కనే గట్టిగా ఉంటుంది.

చీరల్ని బొమ్మలకి కట్టకుండా వాలు పలక మీద పరిచారని కొందరు నిరాశపడతారు. కుచ్చిళ్లు పోస్తే జరీ బరువుకి మడత దగ్గరే చిరుగుతుంది మరి. మీ బీరువాలో పట్టుచీరలకీ ఇదే గతి, అప్పుడప్పుడూ మడత మార్చండి.

ఇవన్నీ అద్దం ఇవతలి నుంచి పట్టుకోవాలంటే ముందు ఒక పూట మంగళగిరిలో గుంటమగ్గం దగ్గర కూర్చోండి. పడుగు (నిలువు పోగు) ఏదో పేక (అడ్డ పోగు) ఏదో, నిజాం బోర్డరు అనే మంగళగిరి చీర అంచులో రంపపు పళ్లలాంటి డిజైను ఎలా వస్తుందో వేలుపెట్టి చూపిస్తారు. వీలైతే పెడనలో అచ్చు వేయడం కూడా చూడండి. లండన్ వీ అండ్ ఏ, న్యూయార్క్ మెట్ మ్యూజియాల వెబ్‌సైట్లలో కోరమాండల్ తీరపు (అంటే మన తూర్పు తీరపు) గుడ్డలు పెద్దవి చేసుకుని ఉచితంగా చూడొచ్చు, అక్కడ చీకటి గొడవ లేదు.

హైదరాబాద్ సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు. అహ్మదాబాద్ కాలికో మ్యూజియానికి ముందే బుక్ చేసుకోకుండా రైలెక్కకండి.