కొత్త పంపు బిగించినా బండి ఎందుకు లాగదు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది ఆరు సిలిండర్ల పాత లారీ. పోర్టు నుంచి బొగ్గు తోలుతాం. డీజిల్ పంపు పాడైతే పంపులు పరీక్షించే బెంచి మీద బాగుచేసిన మరో పంపు తెచ్చి, పాత గుర్తుల దగ్గరే బిగించాం. స్టార్టవుతోంది గానీ పొద్దున్నే తెల్ల పొగ వదులుతోంది, లోడేస్తే లాగడం లేదు. బెంచివాళ్లు పంపు మంచిదే, టైమింగ్ చూసుకోమంటున్నారు. ఎలా చూడాలి?
– ఒక లారీ యజమాని, గాజువాక

జవాబు: బెంచివాళ్ల మాట నమ్మదగిందే. టైమింగ్ అంటే సిలిండర్లోకి డీజిల్ పడే సమయం. ఫ్లాంజ్ (పంపు బిగించే అంచు) మీద మీరు చూసిన గీత పాత పంపుకి పెట్టింది. అదే పంపు విప్పి అదే పంపు పెడితే ఆ గీత పనికొస్తుంది. పంపు మారితే అది దగ్గరదాకా తీసుకెళ్తుందంతే. తెల్ల పొగ, పికప్ లేకపోవడం, ఇంజన్ తొందరగా వేడెక్కడం మూడూ కలిసి ఉంటే టైమింగ్ వెనకబడిందని మొదటి అనుమానం.

ముందుగా పంపు ప్లేటు చదవండి. ఉదాహరణకి ‘పీఈఎస్ 6ఏ 90’ అని ఉంటే 6 అంటే ఆరు సిలిండర్లు, ఏ అంటే పంపు సైజు, 90 అంటే ప్లంజర్ (డీజిల్‌ని నెట్టే చిన్న పిస్టన్) వ్యాసం 9 మి.మీ. చివర్లో ఉండే ‘ఆర్’ లేదా ‘ఎల్’ పంపు తిరిగే దిక్కు. ఈ నంబరు, గవర్నర్ (ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచేది) నంబరు మీ పాత ప్లేటుతో కలవకపోతే టైమింగ్ ఎంత బాగా పెట్టినా ప్రయోజనం లేదు, పంపు వెనక్కిచ్చేయండి.

నంబర్లు కలిస్తే బ్యాటరీ నెగటివ్ తీసి, చక్రాలకు అడ్డలు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. ఒకటో సిలిండర్‌ని కంప్రెషన్ మీదకి తేవాలి. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. క్రాంకు రెండు చుట్లు తిరిగితే పంపు ఒక్క చుట్టు తిరుగుతుంది కాబట్టి ఫ్లైవీల్ మీద గుర్తు రెండుసార్లు వస్తుంది, అందులో ఒక్కటే మనకి కావాల్సింది. ఫైరింగ్ ఆర్డరు 1-5-3-6-2-4 అయిన ఇంజన్లో ఒకటికి జోడీ ఆరు. ట్యాపెట్ కవరు తీసి చూడండి. ఆరో సిలిండర్ రాకర్లు (వాల్వులని నొక్కే చేతులు) రెండూ ఊగుతూ, అంటే ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్‌లెట్ తెరుచుకుంటూ ఉంటే ఒకటో సిలిండర్ కంప్రెషన్ మీదున్నట్టు. అప్పుడు ఒకటి మీది రెండు రాకర్లూ వదులుగా కదలాలి.

ఇప్పుడు పంపు ఒకటో లైను డెలివరీ వాల్వు హోల్డర్ విప్పి, లోపలి స్ప్రింగునీ వాల్వునీ బయటికి తీయండి. వాటి సీటు అక్కడే ఉండాలి. ఖాళీ హోల్డర్‌ని మళ్లీ బిగించి, దానికి పాత పైపు ముక్కని కిందికి వంచి కట్టండి. స్టాప్ లివరు రన్‌లో, రాక్ (డీజిల్ ఎంత పడాలో మార్చే కడ్డీ) ఫుల్ లోడు దగ్గర ఉండాలి. స్టార్టింగ్ కోసం ఎక్కువ డీజిల్ వదిలే స్థానంలో పెట్టకండి. కొన్ని ప్లంజర్లకు పైన గాడి ఉంటుంది, అక్కడ చూస్తే టైమింగ్ తప్పుగా కనబడుతుంది.

క్రాంకుని కావాల్సిన డిగ్రీకి చాలా ముందు నిలిపి, ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగేది) హ్యాండ్ ప్రైమర్ కొట్టించండి. ఇంకో మనిషి లేకపోతే ఎత్తులో చిన్న డీజిల్ డబ్బా కట్టి పంపు గ్యాలరీకి (పంపులోకి డీజిల్ వచ్చే గదికి) కలిపినా సరే. వంచిన పైపులోంచి డీజిల్ ధారగా వస్తుంది. ఇంజన్ తిరిగే దిక్కులోనే క్రాంకుని మెల్లగా తిప్పుతూ పొండి. ధార సన్నబడి చుక్కలవుతుంది. పదిహేను ఇరవై సెకన్లకి ఒక చుక్క చొప్పున రాలే చోట ఆగండి. ప్లంజరు ఇన్‌లెట్ రంధ్రాన్ని మూసే క్షణం అదే. ఫ్లైవీల్ మీద కనబడే డిగ్రీ మీ ఇంజన్ ప్లేటు గానీ సర్వీస్ పుస్తకం గానీ చెప్పిన అంకెతో సరిపోవాలి. ఒక బండి అంకె ఇంకో బండికి అరువివ్వకండి, టర్బో ఉన్నదానికీ లేనిదానికీ అంకె వేరుగా ఉంటుంది.

గుర్తు దాటిపోతే అక్కడికక్కడే వెనక్కి తిప్పి సరిపెట్టకండి. గేర్ల మధ్య లూజు ఉంటుంది. పావు చుట్టు వెనక్కెళ్లి, మళ్లీ ముందుకు రండి. ధార ఎంతకీ ఆగలేదంటే స్టాప్ లివరు స్టాప్‌లోనే ఉండిపోయిందేమో చూడండి. ఆ స్థానంలో ప్లంజర్ నిలువు గాడి రంధ్రానికి ఎదురుగా ఉండి మూసుకోనివ్వదు.

తేడా ఉంటే సరిదిద్దడం ఇలా. గేర్ కేసుకు ఫ్లాంజ్‌తో బిగించే పంపైతే ముందు హైప్రెషర్ పైపుల నట్లు, వెనక బ్రాకెట్టు వదులు చేయాలి. పంపు బాడీని షాఫ్టు తిరిగే దిక్కుకి ఎదురుగా తిప్పితే అడ్వాన్స్ (డీజిల్ ముందుగా పడుతుంది), అదే దిక్కులో తిప్పితే రిటార్డ్ (ఆలస్యంగా పడుతుంది). కప్లింగ్‌తో నడిచే పంపులో బాడీ కదలదు. బోల్టులు వదులు చేసి పంపు షాఫ్టుని అది తిరిగే దిక్కులో ముందుకి జరిపితే అడ్వాన్స్. ఎంత జరపాలన్నది చిన్న లెక్క: స్లాట్లున్న వృత్తం వ్యాసం 100 మి.మీ. అయితే 1 మి.మీ. జరపడమంటే పంపు మీద సుమారు 1.15 డిగ్రీలు, క్రాంకు మీద సుమారు 2.3 డిగ్రీలు. ‘కొంచెం జరుపు’ అన్న మాటలో ఎంత ప్రమాదముందో చూడండి. జరిపాక మొదటినుంచీ మళ్లీ చూసుకోవాలి. వెనక బ్రాకెట్టు చివర్లో బిగించండి, అది పంపుని గుంజకూడదు. గుంజితే బాడీ పగులుతుంది.

అయ్యాక డెలివరీ వాల్వునీ స్ప్రింగునీ మరిచిపోకుండా పెట్టి, హోల్డర్‌ని టార్క్ రెంచితో బిగించండి. పొడుగు రాడ్డేసి లాగితే బ్యారెల్ (ప్లంజరు కదిలే గొట్టం) వంకరపోయి రాక్ గట్టిబడుతుంది. రాక్ ఫుల్‌లో ఇరుక్కుంటే ఇంజన్ ఆగకుండా పరుగెడుతుంది. అందుకే మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు గాలి వచ్చే దారి మూయడానికి ఒక చెక్క చేతిలో ఉంచుకోండి. పంపుకి సొంత ఆయిల్ గది ఉంటే అందులో లెవెల్ దాకా ఇంజనాయిల్ పోయకుండా సెల్ఫ్ కొట్టకండి. బెంచి నుంచి వచ్చే పంపులు తరచూ పొడిగానే వస్తాయి.

చెవితో టైమింగ్ పెట్టే అలవాటు మాత్రం మేం ఒప్పుకోం. అడ్వాన్స్ పెంచితే ఇంజన్ గట్టిగా కొట్టి చురుగ్గా ఉన్నట్టనిపిస్తుంది, అందుకే చెవి ఎప్పుడూ అటే లాగుతుంది. హెడ్ గ్యాస్కెట్టూ పిస్టన్లూ దానికి మూల్యం చెల్లిస్తాయి.

ప్రశ్న: ఒకటో లైను చూసి వదిలేస్తే సరిపోతుందా? మిగతా ఐదూ చూడక్కర్లేదా?
– ఒక మెకానిక్, కంచరపాలెం

జవాబు: బండి మీద ఒకటే చూస్తారు. మిగతా ఐదు ఒకదాని తర్వాత ఒకటి పంపు తిరుగుడులో 60 డిగ్రీలకొకటి చొప్పున రావాలి. దాన్ని బెంచి మీద అర డిగ్రీ తేడాలోపు పెట్టించాలి. ఆరు లైన్ల డీజిల్ సమానంగా పడుతోందా అన్నదీ అక్కడే కొలుస్తారు. రిపేరు బిల్లుతో పాటు ఆ కొలతల కాగితం కూడా అడిగి తీసుకోండి.

ప్రశ్న: పంపు మార్చాక బండి స్టార్టయి రెండు నిమిషాల్లో ఆగిపోతోంది. ఎయిర్ తీస్తే మళ్లీ కాసేపు నడుస్తోంది. ఇంకో పంపు తేవాలా?
– ఒక డ్రైవరు, అనకాపల్లి

జవాబు: వద్దు. గాలి ఎక్కడో లోపలికొస్తోంది, అది ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్యే ఎక్కువ. అక్కడ పీల్పుడు ఉంటుంది కాబట్టి పగులున్నా డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికెళ్తుంది. విప్పిన ప్రతి బాంజో బోల్టుకీ (డీజిల్ పైపుని కలిపే బోలు బోల్టు) కొత్త కాపర్ వాషర్లు వేశారా? పాతవి నలిగి గట్టిబడి ఉంటాయి. రబ్బరు హోసుల క్లిప్పుల దగ్గర వంచి చూడండి. కనిపెట్టలేకపోతే ఫీడ్ పంపు ముందు కాసేపు పారదర్శకమైన హోసు పెట్టండి, బుడగలు కనిపిస్తాయి. ఎయిర్ తీసేటప్పుడు వరుస ముఖ్యం: ముందు ఫిల్టరు బ్లీడ్ స్క్రూ, తర్వాత పంపు గ్యాలరీది, ఆఖరున ఇంజెక్టర్ల దగ్గర పైపు నట్లు వదులు చేసి సెల్ఫ్.

విశాఖ తేమ సంగతి వేరే చెప్పాలా! సగం ఖాళీ ట్యాంకులో రాత్రి గాలిలోని తేమ చల్లబడి నీరవుతుంది. సాయంత్రమే డీజిల్ నింపి, పొద్దున్న వాటర్ సెపరేటర్ మర తిప్పి నీళ్లు వదలండి. ప్లంజరుకీ బ్యారెల్‌కీ మధ్య సందు కొద్ది మైక్రాన్లే, అక్కడ తుప్పు మొదలైతే కొత్త ఎలిమెంట్లు (ప్లంజరు, బ్యారెల్ జతలు) తప్పవు. ధర తగ్గుతుందని కిరోసిన్ కలిపితే కూడా అంతే. ఆ ప్లంజర్లకు డీజిలే కందెన.

ప్రశ్న: సాలూరు ఘాట్ ఎక్కేటప్పుడు నల్ల పొగ, పికప్ లేదు. పంపు సీలు తీసి డీజిల్ పెంచితే లాగుతుందని చెప్పారు.
– సాలూరు పాఠకుడు

జవాబు: నల్ల పొగ అంటే వచ్చిన డీజిల్ కాలడానికి గాలి చాలలేదని. ఇంకా డీజిల్ పోస్తే పొగ పెరుగుతుంది, ఎగ్జాస్ట్ వేడి టర్బోనీ పిస్టన్లనీ తింటుంది. ఎయిర్ ఫిల్టరు, టర్బో హోసుల క్లిప్పులు, ట్యాపెట్ గ్యాపు, నాజిళ్లు ఈ వరుసలో చూడండి. సీలు జోలికి వెళ్లకండి.

ప్రశ్న: ఇంజనాయిల్ లెవెల్ దానంతటదే పెరుగుతోంది.
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: డిప్‌స్టిక్ వాసన చూడండి. డీజిల్ వాసనొస్తే బండి ఆపేయండి. పలచబడ్డ ఆయిల్ బేరింగులని కాపాడదు. ఇంజనాయిల్‌తోనే తడిసే పంపైతే అరిగిన ఎలిమెంట్లు లేదా ఫీడ్ పంపు సీలు నుంచి కారుతుంది. కారణం సరిచేసి, ఆయిల్, ఫిల్టరు రెండూ మార్చండి.

ప్రశ్న: మా బీఎస్ 6 బండికి కూడా చుక్కల పద్ధతిలో టైమింగ్ పెట్టవచ్చా?
– మర్రిపాలెం పాఠకుడు

జవాబు: కుదరదు. ఆ బండ్లలో ఉండే కామన్ రైలులో (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే హైప్రెషర్ గొట్టం) డీజిల్ ఎప్పుడు పడాలో ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) క్రాంకు, క్యామ్ సెన్సర్లు చూసి నిర్ణయిస్తుంది. నడుస్తున్నప్పుడు పైపు నట్టు వదులు చేయడం అసలే వద్దు, 1,600 బార్ దాటే ఒత్తిడిలో వచ్చే సన్నధార చర్మం లోపలికెళ్తుంది. పైకి సూది గుచ్చినంతే కనిపించినా ఆలస్యం చేయకుండా కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి వెళ్లి, లోపలికి డీజిల్ వెళ్లిందని డాక్టరుకి చెప్పండి.