ముందు మిగిలిన రంగును కాపాడు

ఒరే చిన్నా,

ఎయిట్ బాల్ ఫోటోలు చూశాను. 1977లో బ్యాలీ వాళ్లు షికాగోలో చేసిన పిన్‌బాల్ మెషీన్ అది, 20 వేలకు పైగా తయారయ్యాయి కాబట్టి రబ్బర్లు, కాయిల్స్ లాంటివి దొరకడానికి ఇబ్బంది ఉండదు. అసలు పనంతా ప్లేఫీల్డ్ దగ్గరే, అంటే బంతి దొర్లే ఆ చెక్క పలక దగ్గరే. మొత్తం గీకేసి కొత్తగా పెయింట్ వేద్దామా అన్నావు కదా, వద్దు. ఆ ప్లైవుడ్ మీద ఒక్కో రంగూ విడివిడిగా సిల్క్ స్క్రీన్‌తో అచ్చువేశారు, అందులో ఇంకా చాలా భాగం బాగానే ఉంది. పోయిన చోట మాత్రమే చెయ్యి పెట్టు.

పని మొదలుపెట్టే ముందు ప్లగ్ పీకెయ్. డిస్‌ప్లేలకు వెళ్లే కరెంటు 170 వోల్టుల పైమాటే, మెషీన్ ఆపేశాక కూడా కెపాసిటర్‌లో కాసేపు ఉంటుంది. తర్వాత పలక మీది ఒక్కో పోస్టు (రబ్బరు తొడిగే చిన్న స్తంభం), ఒక్కో ప్లాస్టిక్ ముక్క తీసేముందు ఫోటో తీసుకో, స్క్రూలు ఎక్కడివక్కడ కవర్లలో వేసి పేరు రాసుకో.

ప్లేఫీల్డులు ఎక్కువగా పాడయ్యేది కడిగేటప్పుడే, అందుకే ఇది కాస్త వివరంగా చెప్తున్నాను. నీళ్లు అసలు వాడకు, రంగు పైనున్న లక్కర్ పూత పగిలిన చోట చెక్కలోకి దిగితే ఉబ్బుతుంది. మెత్తటి బట్టకు నాఫ్తా అనే పెట్రోలియం ద్రావకం తడిపి తుడిస్తే పాత మైనం, నల్ల మసి చాలావరకు వచ్చేస్తాయి, అయితే కిటికీలు తీసిపెట్టు, దగ్గర్లో మంట ఉండకూడదు. మ్యాజిక్ ఎరేజర్ అనే స్పాంజికి ఆల్కహాల్ తడిపి రుద్దమని అందరూ చెప్తారు, అది నిజంగానే తెల్లగా చేస్తుంది, ఎందుకంటే లక్కర్‌ని కూడా కోసేస్తుంది. రంగుకీ బంతికీ మధ్య ఉన్నదే ఆ పల్చటి పొర. బట్ట మీద మసి కాకుండా ఎరుపో నీలమో కనిపించిందంటే వెంటనే ఆపెయ్, సగం మురికి మిగిలినా పర్లేదు. సన్నటి నల్ల గీతలైతే మరీ తొందరగా పోతాయి.

తర్వాత ఇన్సర్ట్‌లు, అంటే కింది బల్బుల వెలుగు పైకి వచ్చేలా చెక్కలో పొదిగిన ప్లాస్టిక్ బిళ్లలు. స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే ఏది కుంగిందో, ఏది పైకి లేచిందో తెలుస్తుంది. వదులైనదాన్ని హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడిచేసి, కింద నుంచి చెక్క కడ్డీతో మెల్లగా తట్టు, పాత జిగురు శుభ్రం చేసి, ఎపాక్సీతో ప్లేఫీల్డ్‌తో సమానంగా కూర్చోబెట్టి క్లాంప్ వెయ్. నీ మెషీన్‌లో బంతుల నంబర్లు ఆ ఇన్సర్ట్‌ల మీదే ఉన్నాయి కాబట్టి పైనుంచి సాండ్‌పేపర్ పెట్టకు, నంబరు పోతుంది.

ఇక రంగు వేసే ముందే ఒకసారి పల్చగా క్లియర్ కోట్, అంటే రంగులేని గట్టి పూత, వేయించు. పాత రంగు దాని కింద భద్రంగా ఉంటుంది, పైన నువ్వు వేసిన యాక్రిలిక్ రంగు నచ్చకపోతే ఆరకముందే తడిబట్టతో తుడిచేసి మళ్లీ వెయ్యొచ్చు. రంగు కలిపేటప్పుడు ప్లాస్టిక్‌ల కింద దాగిన తాజా రంగును చూసి కలపకు, అక్కడ వెలుతురు పడలేదు, మిగతాదంతా పసుపెక్కి ఉంటుంది. పోయిన చోటికి ఆనుకుని ఉన్న రంగునే చూడు, పగటి వెలుతురులో, ఆరాక చూడు, ఎందుకంటే ఆరితే యాక్రిలిక్ ముదురుతుంది. పాప్ బంపర్ల (బంతి తగలగానే దాన్ని తన్నే గుండ్రటి బొడిపెల) పక్కన గీత పోతే, అదే ఆకారం ఎదురువైపు మిగిలి ఉందేమో వెతికి ట్రేసింగ్ కాగితం మీద తీసుకుని తిరగేసి వాడుకో.

క్లియర్ కోట్ రంగు వేసే ముందొకసారి, వేశాక ఒకసారి, రెండుసార్లూ కార్ల పెయింట్ షాపులోనే వేయించు, దీని మీద నాతో వాదించకు. గట్టిగా నిలిచేది రెండు భాగాలు కలిపి కొట్టే ఆటోమోటివ్ క్లియర్, దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్‌లు ఉంటాయి, అవి ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి, ఒకసారి పడకపోయిందంటే తర్వాత కొంచెం పీల్చినా ఆస్తమా వచ్చేస్తుంది. పిల్లలున్న ఇంట్లో గరాజ్‌లో స్ప్రే చేసే పని కాదది. షాపువాళ్లకు ఇచ్చేముందు మైనం, సిలికోన్ పాలిష్ ఆనవాలు లేకుండా నాఫ్తాతో తుడిచి ఇవ్వు, లేకపోతే చేపకళ్లలాంటి గుంటలు పడతాయి.

వేయించాక కనీసం నాలుగు వారాలు ఆగు. ముట్టుకుంటే గట్టిగానే అనిపిస్తుంది, అయినా లోపల ఇంకా మెత్తగా ఉంటుంది, తొందరపడి పోస్టులు బిగిస్తే చుట్టూ గుంటలు పడి క్లియర్ లేచిపోతుంది. పూర్తిగా గట్టిపడ్డాకే 1000, 1500, 2000 నంబరు సాండ్‌పేపర్లతో తడిపి రుద్ది, పాలిష్ చేసి, కార్నూబా మైనం పట్టించు. స్క్రూలు చేత్తోనే బిగించు, డ్రిల్ వద్దు.

పాత బంతి మళ్లీ వెయ్యకు. 80 గ్రాముల స్టీలు గుండు, దాని మీద తుప్పు గీత ఒక్కటున్నా కొత్త క్లియర్‌ని గీరేస్తుంది, కొత్తదానికి నాలుగైదు డాలర్లు కూడా కావు. కడగడం అయ్యాక, క్లియర్‌కి ఇచ్చేముందు ఫ్లిప్పర్ల (బంతిని కొట్టే రెక్కల) ముందు భాగం దగ్గర నుంచి ఫోటో తీసి పంపు, అక్కడ చెక్క కనిపిస్తున్నట్టుంది, ఏ రంగు కలపాలో చూసి చెప్తాను.

మావయ్య